పద్నాలుగు ముద్రల ఒంటరి ప్రయాణం

ఇసోబె,
1996 ఏప్రిల్ 18

కజుయోకు మీ హిసనో పిన్ని రాసేది.

ఇక్కడ చెర్రీ పూలన్నీ రాలిపోయాయి. ఊడ్చే వంతు నాకే పడింది. ఒసాకాలో నువ్వు బాగానే ఉన్నావని హిరోషిమా నుంచి మీ అమ్మ రాసింది.

విషయానికొస్తాను. నేను ఓడెక్కి సముద్రం అవతలి బుసాన్ వెళ్దామనుకుంటున్నాను. ఒక్కదాన్నే. రెండు రాత్రులుండి వచ్చేస్తాను. నవ్వకు.

నాకిప్పుడు అరవై మూడు. మహిళా సంఘంతో వేడినీటి ఊటలకి పద్దెనిమిదిసార్లు వెళ్ళాను. బడి వంటశాలలో పనిచేసిన ముప్ఫై ఒక్క ఏళ్ళూ పిల్లల విహారయాత్రలకి అన్నం డబ్బాలు మోసుకుంటూ వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా ముందు యాత్ర నడిపేవాళ్ళ జెండా, వెనక నేను. ఏ సీట్లో కూర్చోవాలో, ఏ చేప తినాలో, ఎన్నింటికి దీపం ఆర్పాలో ఎవరో ఒకరు చెప్పేవారు. మీ బాబాయి పోయాక ఇంట్లో ఒక్కదాన్నే కదా అంటావు. పొద్దున ఏడింటికి కిటికీ తెరవకపోతే పక్కింటి తొకియెదమ్మ తలుపు బాదుతుంది. దాన్ని ఒంటరితనం అనలేం.

ఒక్కసారి, నేనెవరో ఎవరికీ తెలియని ఊళ్ళో, నాకిష్టమైంది వేలు పెట్టి చూపించి, కూర్చుని తినాలని ఉంది. అంతకుమించి ఏమీ లేదు. టికెట్ల ఆఫీసులో పనిచేస్తున్నదానివి కదా, ఏమేం సిద్ధం చేసుకోవాలో రాసి పంపు. వీధిలో ఎవరికీ చెప్పలేదు.

ఉంటాను,
పిన్ని

తా.క. మామూలు కవర్లో పంపు. ఆఫీసు కవరైతే మా పోస్ట్‌మ్యాన్ తొకియెదమ్మకి చెప్పేస్తాడు. చెడ్డవాడేం కాదు. వీధి వీధంతా వినిపించేలా మాట్లాడతాడు, అంతే.


ఒసాకా,
ఏప్రిల్ 25

పిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నవ్వకుండా ఇది రాస్తున్నాను. చాలా మంచి ఆలోచన. నేను రెండుసార్లు విదేశాలు చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, సన్నాహం సరిగ్గా ఉంటే భయపడాల్సిందేమీ లేదు.

ఒక కాగితం జతచేస్తున్నాను. ‘ఒక్కరే వెళ్ళేవారికి సన్నాహాలు’ అని పైన రాశాను. అందంగా ఉంటుందని ఆఫీసు కాగితం మీదే టైపు చేసి, మా ముద్ర కూడా వేశాను. అందులో ఉన్నవన్నీ వరుసగా చెయ్యి. ముందు పాస్‌పోర్టుకి ఫోటో తీయించుకో. మెట్లెక్కేటప్పుడు నువ్వు మోయగలిగినంత సామానే సర్దుకో. దాన్ని మోస్తూ రోజూ అరగంట నడువు. అక్కడి రేవులో అధికారులు అడిగే ప్రశ్నలకి జవాబులు ఇంట్లోనే పైకి చెప్పుకుని అభ్యాసం చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, తెలిసిన చోటే ఒకసారి కావాలని తప్పిపోయి, దారి కనుక్కుని వచ్చి చూడు. అలా చేసినవాళ్ళు పరాయి ఊళ్ళో కంగారుపడరు.

బస కూడా రాశాను. రేవుకి దగ్గర్లో హేసాంగ్ అని చిన్న సత్రం. యజమాని ప్యో గారికి మన భాష వచ్చు.

నీ కజుయో

తా.క. మామూలు కవర్లు అయిపోయాయి. పోస్ట్‌మ్యాన్ చెవిన పడదని ఆశిస్తున్నాను.


ఇసోబె,
మే 8

కజుయోకు పిన్ని రాసేది.

ఇక్కడ వరి నాట్లు మొదలయ్యాయి, కప్పలు నిద్రపోనివ్వడం లేదు.

నీ కాగితం అందింది. ఇప్పుడు నా దగ్గర లేదు.

ఇంటింటికీ తిరిగే మా వీధి పలక నీకు గుర్తుండే ఉంటుంది. వీధి సంఘం నోటీసులన్నీ క్లిప్పుకి తగిలించి ఉంటాయి, చదివినవాళ్ళు తమ ఇంటి పేరు ముద్ర వేసి పక్కింట్లో ఇవ్వాలి. నీ కవరూ ఆ పలకా ఒకే మధ్యాహ్నం వచ్చాయి. రెండూ భోజనాల బల్ల మీద పెట్టి ముద్ర కోసం వెతుకుతున్నాను. గుమ్మంలో తొకియెదమ్మ నిలబడి, “నాకు పొయ్యి మీద కూరుందమ్మా, తొందరగా ఇయ్యి” అంటోంది. చేతికందిన కాగితాలన్నీ క్లిప్పులో దోపి, ముద్ర కొట్టి ఇచ్చేశాను. అందులో నీ కాగితం కూడా పోయింది. దాని మీద మొదటి ముద్ర నాదే.

వెనక్కి అడగొచ్చు కదా అంటావు. తిరుగుతున్న పలకని మధ్యలో ఆపినవాళ్ళు ఈ వీధిలో ఇంతవరకు లేరు. నిన్న అది చుట్టు పూర్తి చేసుకుని సంఘం పెద్ద ఇంటికి పోతూ నా కంటపడింది. పద్నాలుగు ఇళ్ళు, పద్నాలుగు ముద్రలు. టోఫు కొట్టు మురాయి గారు అంచున పెన్సిలుతో రాశారు కూడా: “సామాను బరువు ఎన్ని కిలోల వరకు?”

పోయినేడు పలక మీద ఇంటికొక నిప్పు ఆర్పే బకెట్ కొనమని వస్తే పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ కొన్నారు. బకెట్ ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఈసారీ ఎవరూ ఏమీ అడగలేదు. నాకు అదే భయంగా ఉంది.

ఉంటాను,
పిన్ని

తా.క. పొద్దున ఫోటో స్టూడియోకి వెళ్ళాను. పదకొండు మంది వరుసలో ఉన్నారు. అందరూ మా వీధివాళ్ళే. నాకు పన్నెండో నంబరు వచ్చింది.


ఒసాకా,
మే 13

పిన్నీ,

కోపం తెచ్చుకోకు. నేను ఈ కౌంటర్లో ఆరేళ్ళ నుంచి కూర్చుంటున్నాను. ఒంటరిగా వెళ్తానని వచ్చి, ఆఖరు వారంలో నలుగుర్ని వెంటేసుకొచ్చేవాళ్ళని వందమందిని చూశాను. కాగితం పొరపాటున పోయిందంటున్నావు. నమ్ముతాను. కానీ పిన్నీ, మనసులో భయం ఉంటే చెయ్యి దానంతటదే పలక దగ్గరికి వెళ్తుంది.

భయపడడంలో తప్పేం లేదు. తోడు కావాలంటే కావాలని చెప్పు, ఏర్పాటు చేస్తాను. అక్కర్లేదంటే, సంఘం పెద్ద ఒకుదైరా గారింటికి తిన్నగా వెళ్ళి, “ఇది నా సొంత ప్రయాణం, మీకు సంబంధం లేదు” అని చెప్పేసి రా. రెండు నిమిషాల పని.

నీ కజుయో

తా.క. మురాయి గారికి ఇరవై కిలోలని చెప్పు.


ఇసోబె,
మే 27

కజుయోకు పిన్ని రాసేది.

ఎండలు ముదిరాయి. నేను భయపడలేదు. అది ముందు రాసేస్తే మిగతాది నెమ్మదిగా రాయొచ్చు.

నువ్వు చెప్పినట్టే ఒకుదైరా గారింటికి వెళ్ళాను. ఆయన ముప్ఫై ఏళ్ళు స్టేషన్‌మాస్టరుగా చేసినవారు, ఇప్పటికీ మెడలో ఈల ఉంటుంది. గుమ్మంలోనే, “కుసకబె గారింటావిడా, రండి రండి. మీ గురించే అనుకుంటున్నాం” అన్నారు. టీ ఇచ్చారు. ఇది నా సొంత ప్రయాణమని మొదటి కప్పులో చెప్దామనుకున్నాను. రెండో కప్పులో ఆయన నీ కాగితం తీసి పైన రాసింది చూపించారు. “ఒక్కరే అని స్పష్టంగా ఉంది. ఇంటికి ఒక్కరే. వీధిలో కలుపు తీసే రోజున కూడా మనం అలాగే వస్తాం కదా. చాలా క్రమశిక్షణ ఉన్న ఆఫీసు” అన్నారు. మూడో కప్పు తాగేసరికి నేను రెండో జట్టు నాయకురాలినయ్యాను. మా జట్టుకి సత్రంలో స్నానాల గది రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా.

కాదని చెప్పలేకపోయాను కజుయో. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పి. అయినా నేను తొడుక్కోవడానికి వీలుగా నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టడానికి వంగింది. అది చూశాక నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆదివారం అభ్యాసం జరిగింది. పద్నాలుగు మందిమి పెట్టెలు మోస్తూ సంఘం భవనం చుట్టూ అరగంట నడిచాం. తర్వాత ఒకుదైరా గారు బల్ల వేసుకుని రేవు అధికారిలా కూర్చున్నారు. “ఎందుకొచ్చారు?” అని గద్దించారు. “ఒంటరిగా తిరగడానికి” అన్నాను. “తప్పు” అన్నారు. నన్ను వరుస చివర నిలబెట్టారు.

ఆ తర్వాత తప్పిపోయే అభ్యాసం. ఒక్కొక్కరూ వంతులవారీగా తప్పిపోవాలి, మిగతావాళ్ళు ఈల వేసి వెతకాలి. నా వంతు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పీపాల వెనక కూర్చుంటే తొకియెదమ్మ నా దగ్గు పట్టేసింది. మురాయి గారు మాత్రం చాలా బాగా తప్పిపోయారు. సాయంత్రానికి పచింకో ఆటలశాలలో దొరికారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందుకే నాకు ఏడుపొస్తోంది. ఒక్కసారి, నా ఇష్టానికి నేను వెళ్దామనుకున్నాను. ఇప్పుడు ఎనిమిదింటికి స్నానం చెయ్యాలి.

పిన్ని

తా.క. జెండా ఏ రంగులో ఉండాలన్న దాని మీద గురువారం సమావేశం. పసుపుకి మొగ్గు కనిపిస్తోంది.


ఒసాకా,
జూన్ 1

పిన్నీ,

ముందు శుభవార్త. ఒకుదైరా గారు మా ఆఫీసుకి స్వయంగా ఉత్తరం రాశారు. మా మేనేజరుగారు నిలబడి చదివారు. చిన్న వీధి, పద్నాలుగు ఇళ్ళు, ఇంటికొకరు. ఇరవై ఏళ్ళలో ఇంత చక్కటి జట్టు చూడలేదన్నారు. పద్నాలుగు మంది ఉంటే జెండా మావైపు నుంచి ఉచితం. పసుపుదే పంపుతున్నాం.

రెండో శుభవార్త. నీ ఏడుపు చదివి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి జట్టుని నడిపించే పని నాకు ఇమ్మని అడిగి తీసుకున్నాను. గురువారం 13న మధ్యాహ్నం షిమోనోసెకి రేవులో కలుస్తాను. సాయంత్రం ఓడ, శుక్రవారం పొద్దున బుసాన్. నువ్వు ఒంటరిగా ఉండాలన్నావు కదా, దానికీ ఏర్పాటు చేశాను. శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా ‘ఎవరికి వారు’ అని కార్యక్రమంలో పెట్టించాను. ఆ గంటంతా నేను నీ పక్కనే ఉంటాను, ఎవరూ నీతో మాట్లాడకుండా చూసుకుంటాను.

నీ కజుయో

తా.క. నేను రెండుసార్లు విదేశాలు చూశానని రాశాను కదా. రెండూ ఆఫీసు యాత్రలే. రెండుసార్లూ జెండా నేనే పట్టుకున్నాను, కాబట్టి అనుభవం గురించి దిగులు పడకు.


బుసాన్, హేసాంగ్ సత్రం,
జూన్ 12, బుధవారం

కజుయోకు పిన్ని రాసేది.

ఈ ఉత్తరం ప్యో గారి దగ్గర ఉంచి వెళ్తున్నాను. శుక్రవారం పొద్దున మీరంతా దిగి చెప్పులు విప్పుకున్నాక నీ చేతికి ఇమ్మన్నాను. షిమోనోసెకిలో నేను కనబడక నువ్వు కంగారుపడి ఉంటావు. ఒకుదైరా గారు అప్పటికే చెప్పి ఉంటారు, కానీ నా నోటితో కూడా విను.

జట్టులో నా పేరు కొట్టించుకున్నాను. మా వీధి చెత్త పెట్టే చోట కాకులు సంచులు చింపకుండా వల కప్పే వంతు 14వ తేదీ నుంచి నాది. వంతు ఉన్న ఇల్లు ఊరు దాటకూడదన్న నియమం పదేళ్ళ కిందట ఒకుదైరా గారే పెట్టారు. పోయిన వారం వెళ్ళి అది గుర్తుచేశాను. ఆయన లేచి నిలబడి నాకు వంగి నమస్కారం చేశారు. “మీలాంటివాళ్ళ వల్లే వీధి నడుస్తోందండీ” అన్నారు. కాస్త సిగ్గేసింది, కానీ నేను చెప్పింది అబద్ధం కాదు. శుక్రవారం పొద్దున ఏడింటికి వల కప్పుతాను.

14 నుంచే వంతు. 13 దాకా నా ఇష్టం. హిరోషిమాలో అక్కయ్య దగ్గరికి వెళ్తున్నానని వీధిలో చెప్పి ఆదివారం బయలుదేరాను. ఇది మాత్రం అబద్ధమే. షిమోనోసెకి కౌంటర్లో నేనే టికెట్టు కొనుక్కున్నాను. “ఎంతమంది?” అని అడిగింది ఆ పిల్ల. ఒక వేలు చూపించాను.

ఇక్కడి అధికారి ఎందుకొచ్చావని అడగనేలేదు. ముద్ర కొట్టి పొమ్మన్నాడు.

సోమవారం పొద్దున రేవు వెనక సందులో ఒక చిన్న కొట్టుకి వెళ్ళాను. పక్క బల్ల దగ్గర ఒకాయన తాగుతున్న పంది ఎముకల సూపు వేలు పెట్టి చూపించాను. సూపుతో పాటు ఎనిమిది చిన్న గిన్నెల్లో కూరలూ పచ్చళ్ళూ తెచ్చి పెట్టింది కొట్టావిడ. నేను అడగలేదు. ఎవరివో పొరపాటున వచ్చాయనుకుని, ఎవరైనా తీసుకెళ్తారేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సూపు చల్లారిపోయింది. ఆవిడ వచ్చి చూసి, ఏదో గట్టిగా తిట్టి, సూపు మళ్ళీ వేడి చేసి తెచ్చి, చెంచా నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజుకి నాలుగు వందల మందికి వడ్డించాను కజుయో. అందరి తర్వాత, నిలబడే తిన్నాను. నాకోసం ఒక ఆవిడ సూపు రెండోసారి వేడి చేస్తే, కారం ఎక్కువైందని నటిస్తూ ఏడ్చాను. కారం నిజంగానే ఎక్కువ.

నిన్న కొండ మీది ఇళ్ళ మధ్య తప్పిపోయాను. అభ్యాసం కాదు, నిజంగానే. రెండు గంటలు తిరిగాను. ఎవరూ ఈల వెయ్యలేదు. ఒక మలుపు దగ్గర ఆగి ఎటు వెళ్ళాలా అని ఆలోచిస్తే, ఎటైనా వెళ్ళొచ్చని అర్థమైంది. చాలా సంతోషంగా ఉంది, ఇంకేమీ చెప్పలేను.

ఇప్పుడు నీ పని. నీకు ముప్ఫై ఏళ్ళొచ్చాయి. శనివారం రెండున్నరకి ఆ జెండా ఒకుదైరా గారికి ఇచ్చెయ్యి. కాదనరు, చేతులు చాచి తీసుకుంటారు. సందులో ఆ కొట్టుకి వెళ్ళు. సూపుతో వచ్చే గిన్నెలన్నీ నీవే, వెంటనే మొదలుపెట్టు. మురాయి గారిని మాత్రం వెతక్కండి, భోజనం వేళకి వస్తారు.

ఓడకి వేళైంది. ఉంటాను.

పిన్ని

తా.క. శుక్రవారం పసుపు జెండాతో నీతో కలిపి పద్నాలుగు మంది దిగుతారని ప్యో గారికి ముందే చెప్పాను. స్నానాల గది వేళలు కూడా రాసిచ్చాను. “మీకు బాగా కావలసినవాళ్ళా?” అని అడిగారు. ఎవరో నాకు తెలియదన్నాను.