డెబ్భై కిలోలు

మార్చి 28

ఫెయిలయ్యాను.

పదిహేడేళ్ళుగా ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం, ఏటేటా ఇదే టెస్ట్. రెండున్నర కిలోమీటర్లు పదమూడు నిమిషాల్లో పరుగెత్తాలి. ఇరవై నిమిషాల విరామం. ఆ తర్వాత మనిషి ఆకారంలో కుట్టిన డెబ్భై కిలోల ఇసుక డమ్మీని భుజాన వేసుకుని మూడో అంతస్తు నుంచి కిందికి దింపాలి. పరుగులో ఎప్పటిలాగే అందరికంటే ముందు నేనే. పది నిమిషాల నలభై సెకన్లు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. డమ్మీని మాత్రం రెండో అంతస్తు మలుపులో దించేశాను. దించడం కూడా కాదు, చేతుల్లోంచి జారిపోయింది.

ఆఫీసర్ మూడు నెలలు గడువిచ్చారు. మళ్ళీ తప్పితే రిటైరయ్యేదాకా కంట్రోల్ రూమ్‌లో ఫోన్ల దగ్గర కూర్చోవడమే. నలభై మూడేళ్ళకే కుర్చీ. ఇంట్లో చెప్పలేదు.

మార్చి 29

మా ఆవిడకి ముందే తెలుసట. డ్రైవర్ నిన్ననే ఫోన్ చేశాడట. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మా ఫైరింజన్ నడిపేది వాడే. ఇద్దరం ఒకేరోజు ఉద్యోగంలో చేరాం. ఏ కాల్ వచ్చినా స్టీరింగ్ దగ్గర వాడు, పక్క సీట్లో నేను.

ఏప్రిల్ 12

ఆయాసం వల్లే చెయ్యి జారిందని నా లెక్క. అందుకే పరుగు పెంచాను. పొద్దున ఎనిమిది కిలోమీటర్లు, సాయంత్రం ఐదు. ఒళ్ళు తేలిగ్గా ఉండాలని తిండి తగ్గించాను. బెల్టుకి కొత్త చిల్లు పెట్టాల్సొచ్చింది. భలే హాయిగా ఉంది.

ఏప్రిల్ 20

బావమరిది దిగాడు. జిమ్‌లో ట్రైనర్ వాడు, వాళ్ళక్క పిలిపించింది. నా చొక్కా విప్పించి, సంతలో గేదెని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు. నాలుగు కిలోలు తగ్గానట. అందులో కొవ్వెంతో కండెంతో దేవుడికెరుక అన్నాడు. కార్డియో మానమనడం లేదు, గుండెకీ ఊపిరికీ అది కావాల్సిందే; కానీ రోజూ పదమూడు కిలోమీటర్లు పరుగెత్తి, అర్ధాకలితో పడుకుని, మజిల్ రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది బావా అని అడిగాడు. చొక్కా తొడుక్కున్నాను.

ప్లాన్ రాసిచ్చాడు. వారంలో మూడు రోజులు బరువులు, రెండు రోజులు పరుగు, అందులో ఒకటి మెల్లగా. మిగతా రెండు రోజులు రెస్ట్. కడుపునిండా తిండి, రోజుకి ఐదు గుడ్లు. ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. అక్కాతమ్ముళ్ళు ఒక్కటైతే నా మాట వినేదెవరు.

ఏప్రిల్ 21

పరుగు లేని రోజు. అందరి మీదా విసుక్కున్నాను.

మే 4

వాళ్ళకి అర్థంకాని సంగతి ఒకటుంది. నేను పరుగెత్తేది టెస్ట్ కోసం కాదు. రన్నింగ్‌లో ఉన్నంతసేపు నాకు ఎవరి అరుపులూ వినబడవు. మేం ఆలస్యంగా చేరిన ఇళ్ళు, ఆ గుమ్మాల దగ్గర నిలబడి మమ్మల్ని చూసిన మనుషులు, అన్నీ ఆ గంటసేపు నన్ను వదిలేస్తాయి. స్క్వాట్స్‌లో అలా కాదు. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు నిమిషాలు కూర్చోమంటాడు బావమరిది. ఆ రెండు నిమిషాల్లోనే అన్నీ వచ్చి పక్కన కూర్చుంటాయి. భయంగా ఉంటుంది. ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మే 18

స్టేషన్ మెట్ల మీద ప్రాక్టీసు. మళ్ళీ రెండో అంతస్తు మలుపులోనే పడేశాను. డ్రైవర్ టీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుని, నేలకేసి చూస్తూ తాగాడు.

జూన్ 1

కిందిదాకా దింపాను!

జూన్ 8

ఈరోజు వరసగా రెండుసార్లు దింపాను. మూడోసారి కూడా దింపేవాణ్ణే, డ్రైవర్ వద్దన్నాడు. బలం వచ్చేసింది కదా, ఇంకా ఈ ప్లాన్ ఎందుకు? రేపట్నుంచి మళ్ళీ రోజూ పరుగు. బావమరిదికి చెప్పను.

జూన్ 17

ప్రాక్టీసులో డమ్మీ తడిసింది. ఆరబెడుతుంటే వీపు మీద కొత్త కుట్టు కనబడింది. ఎందుకో అనుమానమొచ్చి, పూర్తిగా ఆరాక సిలిండర్లు తూచే కాటా మీద పెట్టాను. యాభై ఎనిమిది.

డ్రైవర్ ముఖం చూడగానే అర్థమైపోయింది. పోయిన నెల ప్రాక్టీసులో నేను పడేసిన రోజు నుంచి వారానికి మూడు కిలోల చొప్పున ఇసుక తీసి, మళ్ళీ కుట్టేస్తున్నాడట. నాకు కాస్త ధైర్యం రావాలని, టెస్ట్‌కి ముందు మెల్లగా తిరిగి నింపేద్దామని వాడి ఆలోచన. ఒళ్ళు మండిపోయింది. రేపు నిజంగా మంటల్లో మనిషిని ఎత్తాల్సొస్తే ఆ మనిషిలోంచి కూడా తీస్తావా, నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా అని అందరి ముందూ కడిగేశాను. వాడు అంతా విని, మెల్లగా ఒకటే అన్నాడు.

"నువ్వెళ్ళిపోతే ఆ సీట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుని బండి నడపడం నా వల్ల కాదురా."

వాడితో మాటలు బంద్. టెస్ట్ పది రోజుల్లో ఉంది.

జూన్ 18

ఇసుకంతా నింపి ఎత్తాను. రెండో అంతస్తు మలుపు దాటాను గానీ మొదటి అంతస్తు దగ్గర దించేశాను.

బావమరిదికి ఫోన్ చేసి, దొంగచాటు పరుగుతో సహా అన్నీ ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఈ కొద్ది రోజుల్లో కొత్తగా కండ రాదట. ఇంకొక్కసారి బరువులు ఎత్తి, ఆపేసి, బాగా తిని పడుకోమన్నాడు. పరుగు రెండు రోజులకోసారి, అదీ షికారులా. ఆ తర్వాత మార్చిలో ఎంతసేపట్లో పరుగెత్తానని అడిగాడు. కాస్త గర్వంగానే చెప్పాను.

"పదమూడు నిమిషాలిస్తే పదకొండు లోపే ఎందుకొచ్చావు బావా?"

ఫోన్ పెట్టేశాక లెక్క తేలింది. డమ్మీని మోయాల్సిన కాళ్ళని నేను ట్రాక్ మీదే ఖర్చుపెట్టేశాను. ఎందుకు? చప్పట్ల కోసం.

జూన్ 22

రెండు కాల్స్‌కి వెళ్ళాం. బండిలో ఒక్క మాట లేదు.

జూన్ 27, మధ్యాహ్నం

నాతోపాటు టెస్ట్‌కొచ్చిన కుర్రాళ్ళందరూ నన్ను దాటి వెళ్ళిపోయారు. ఒక్కొక్కడు దాటుతుంటే కాళ్ళు తహతహలాడాయి. పళ్ళు బిగబట్టి మెల్లగానే పరుగెత్తాను. చివరివాణ్ణి నేనే. పన్నెండు నిమిషాల నలభై ఎనిమిది. కాలేమైనా నొప్పా సార్ అని ఒక కుర్రాడు జాలిగా అడిగాడు. తల కొట్టేసినట్టయింది. ఇరవై నిమిషాలు గోడకి ఆనుకుని కూర్చున్నాను.

డమ్మీ నిజంగా డెబ్భై కిలోలే. మలుపులో గోడకి భుజం ఆనించి నాలుగుసార్లు ఊపిరి పీల్చుకున్నాను. దించలేదు. కింద పరుపు మీద పడుకోబెట్టాక ఆఫీసర్ కాగితం మీద సంతకం పెట్టారు. డ్రైవర్ బండి అద్దాన్ని తుడుస్తూ ఉన్నాడు, అది అప్పటికే తళతళలాడుతున్నా. పక్కనుంచే వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్తే ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జూన్ 30

మూడో అంతస్తు. పొగ. ముసలావిడ, నలభై కిలోలు కూడా ఉండదు. బరువుగా ఉన్నానా నాయనా అని మెట్లన్నీ దిగేదాకా చెవిలో అడుగుతూనే ఉంది. కింద డ్రైవర్ ఎదురొచ్చాడు. ఓ చెయ్యి వెయ్యనా అని అడిగాడు.

వెయ్యరా అన్నాను.