గ్లాసులో రెండు చీటీలు

3 జూన్ 2025, మంగళవారం

అమ్మకి రొమ్ము క్యాన్సరే. బయాప్సీ రిపోర్టు నేనే చదివాను. బందరు బస్సులో అమ్మ కిటికీ పక్కన నిద్రపోయింది. నాకు ఎవర్నైనా కొట్టాలనిపించింది.

5 జూన్

విజయవాడలో డాక్టర్ పూర్ణిమ గారు ట్రయల్ గురించి చెప్పారు. కీమో అందరికీ ఇస్తారట. సగం మందికి దాంతోపాటు కొత్త మందు. ఎవరికన్నది కంప్యూటర్ తేలుస్తుందట. పదమూడో తేదీలోపు చెప్పాలి. మా అమ్మ ఎలుక కాదండీ అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. ఇరవై రెండు పేజీల కాగితాలు చేతికిచ్చి చదవమన్నారు. మందుల కంపెనీల మీద నేను చదవని కరపత్రం లేదు. ఇవెందుకు చదవాలి?

బస్సెక్కాక అమ్మ, కంప్యూటర్ చీటీ తీస్తుందన్నమాట, మంచిదేగా, మొహం చూసి ఇవ్వరు అంది. ఇరవైయేళ్లుగా స్కూల్లో ఆయా. మొహం చూసి పెట్టేవాళ్లని చూసి చూసి విసిగిపోయింది.

7 జూన్

పోట్లాట. పేదోళ్ల ఒంటి మీదే ప్రయోగాలు చేస్తారే అమ్మా అని అరిచాను. పప్పు ఏరుతూ, నీ కరపత్రాలు అచ్చేసినోళ్లకి రొమ్ములో గడ్డ ఉందంటా అంది.

8 జూన్, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు దైవాధీనం అయ్యగారు ఇంటికొచ్చారు. ఏ పెద్ద నిర్ణయానికైనా మా ఇంట్లో ప్రార్థన చేసి చీటీ తీస్తారు. నేను గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చేరాలా అన్నప్పుడూ అంతే. వద్దు వచ్చింది.

నీ రాత గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాయవే షీబా అంది అమ్మ. ఒకదాని మీద చేరు, ఇంకోదాని మీద వద్దు. స్టీలు గ్లాసులో వేశాను. కళ్లు మూసుకుని తీసింది.

వద్దు.

అయ్యగారు ఆమెన్ అన్నారు. సరే ప్రభువా అంది అమ్మ.

రెండింటి మీదా వద్దనే రాశాను.

9 జూన్

బియ్యం కడుగుతూ అమ్మ మామూలుగా అంది. ప్రభువు వద్దన్నాడంటే ఏ మందూ వద్దనేగా, ఇంక కీమో మాత్రం దేనికిలే అని.

నేను రాసింది అది కాదు.

10 జూన్

ఇరవై రెండు పేజీలూ చదివాను. ఎప్పుడైనా మానేయొచ్చట. మానేసినా మామూలు వైద్యం ఆపరట. దుష్ఫలితాలే నాలుగు పేజీలు. కంపెనీని ఇప్పటికీ నమ్మను. కానీ గడ్డ నాది కాదు.

11 జూన్, మధ్యాహ్నం

చెప్పేశాను. చెంప మీద ఒక్కటిచ్చింది. ప్రభువు నోట్లో నీ మాట పెడతావటే అంది. మళ్లీ చీటీలు వేద్దామన్నాను. ఇంకోసారి అడిగే మొహం మిగిల్చావా నాకు, ఈసారి నేనే చెప్తాలే అంది. ఏం చెబుతుందో చెప్పలేదు. అన్నం మాత్రం పెట్టింది.

13 జూన్, శుక్రవారం

ట్రయల్‌లో చేరతానని డాక్టరుగారికి చెప్పింది అమ్మ. ఒప్పుకున్నట్టు వీడియో తీస్తారట. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా అని అడిగారు పూర్ణిమ గారు.

పెట్టారండీ, చేరొద్దని, అంది అమ్మ.

కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారీ అదే చెప్పింది.