కొక్కెం దగ్గర సుద్దగీత

పెంటయ్య బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. రాయగడ స్టేషను రోడ్డులో నీ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎస్‌తో ముగిసే ప్రతి ఇంగ్లీషు మాటకీ అపాస్ట్రఫీ తగిలించారు, గేదె చెవికి పిడుదులు పట్టినట్టు.

బడి మొహం చూడని నాకు నువ్వు రాసిన బోర్డులే ఇంగ్లీషు నేర్పాయి. "ఇది ఫలానోడిదని సెప్పాలంటే ఆ కొక్కెం ఎట్టాలి. నలుగురున్నారని సెప్పడానికి ఎట్టకు," అనేవాడివి, అపాస్ట్రఫీని చూపిస్తూ. ముందు సుద్దముక్కతో గీసి, కొట్టువాడి చేత పైకి చదివించి, అతను సరేనన్నాకే కుంచె రంగులో ముంచేవాడివి. ఇప్పుడు కంప్యూటర్లో నిమిషంలో అయిపోతోంది. కట్టేవాడు కూడా చదవడు.

ఈ ఫ్లెక్సీ చేసింది పరాయివాడు కాదు, నీ శిష్యుడు సింహాచలమే. "ఈ కొక్కేలేటిరా? మార్సి కట్టు," అన్నాను.

వాడు నవ్వాడు. "అందానికెట్టేను మావా. సచ్చిపోయినోడు సదువుతాడేటి?"

నలుగురిలో నోరు విప్పనివాణ్ణని నీకు తెలుసు. "నాను సదువుతానురా," అని గట్టిగా అనేశాను. తెచ్చిన దండ వెయ్యకుండానే వచ్చేశాను.

నా బియ్యం కొట్టు మీద నువ్వు రాసిన బోర్డుకి దుమ్ము పట్టింది. స్టూలెక్కి తడిగుడ్డతో తుడిచాను. నా పేరు చివరి కొక్కెం పక్కన, వార్నీషు కింద, నీ సుద్దగీత ఇంకా ఉంది. బోర్డు ఒకసారి పైకి చదివాను. తరవాత దండ దానికే వేశాను.

నీ సూరయ్య