టబ్బులో ఓట్స్ మూట

నవంబర్ 5, ఆదివారం

మళ్లీ రక్తం. దుప్పటి మీద, దిండు గలీబు మీద, పాప గోళ్ల కింద. గోళ్లు ఎంత కత్తిరించినా చిన్ని నిద్రలో గోక్కుంటూనే ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, చేతివేళ్ల మధ్య చర్మం గరుకు కాగితంలా తయారైంది. కెనడాలో ఈ సస్కటూన్ చలి ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. హీటర్ గాలికే ఇలా.

రవిని అడిగితే — "డ్రై స్కినే కదా, కొబ్బరినూనె రాయి." భర్తగారి వైద్యం అక్కడితో సరి. రాశాను. ఇప్పుడు నూనె కారుతూ గోక్కుంటోంది.

నవంబర్ 7

వాక్-ఇన్ క్లినిక్. సగం రోజు కుర్చీలో. డాక్టర్ చూసింది చిటికెలో. ఎగ్జిమా.

వాసన సబ్బులు వద్దు. నీళ్లు గోరువెచ్చగా, వేడిగా కాదు. మామూలు ఓట్స్ మెత్తగా పొడి చేసి టబ్బులో కలిపి కాసేపు కూర్చోబెట్టాలి. తుడవకూడదు, అద్దాలి. ఒళ్లు తడిగా ఉండగానే పెట్రోలియం జెల్లీ. మరీ ఎర్రబడ్డ చోట ఆవిడ రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్, పల్చగా.

ఓట్స్ ఇంట్లోనే ఉన్నాయి. ఉప్మా చేస్తే ఎవరూ ముట్టని డబ్బా.

నవంబర్ 8

ఓట్స్ సరే, టబ్బు ఎక్కడ ఖాళీ? మేం అద్దెకుంటున్న ఈ బేస్‌మెంట్‌కి ఉన్నది ఒక్కటే బాత్రూమ్. పక్క గదిలో ప్రణీత, ఆమెతో ఇంకో ఇద్దరమ్మాయిలు. ముగ్గురికీ కాలేజీ, ముగ్గురికీ పార్ట్‌టైమ్ షిఫ్టులు. నాకు మాత్రం లేదా కాలేజీ?

చిన్నిని నీళ్లలో దించానో లేదో తలుపు మీద టకటక, ప్రణీత. "అక్కా, బస్సు పోతది అక్కా... జర జల్దీ!"

సగం తడిసిన పిల్లని ఎత్తుకుని బయటికొచ్చా. అద్దడం, జెల్లీ — అన్నీ హాల్లోనే.

నవంబర్ 11, శనివారం

అత్తయ్య దిగింది. విజిటర్ వీసా. సూట్‌కేసు తెరవగానే ఇల్లంతా పెసరపిండి, పసుపు, బావంచాల వాసన. సున్నిపిండి. సంచెడు.

"దీనికి డాక్టరెందుకే? నలుగు పెట్టే దిక్కులేక పిల్ల ఇలా అయింది."

వద్దన్నాను. క్రీమ్ చూపించి డాక్టర్ ఏం చెప్పిందో చెప్పాను.

"స్టెరాయిడా! పసిదానికి స్టెరాయిడ్ రాస్తారా ఎవరైనా?" అని రవి వైపు చూసింది. రవి ఫోన్ వైపు చూశాడు.

నవంబర్ 12

దీపావళి పార్టీ. స్కూల్ జిమ్‌లో మన వాళ్లంతా. ప్రతి ఒక్కరూ డాక్టరే. "వంకాయ మాన్పించు." "పాలు మాన్పించు." "గోధుమ మాన్పించు." "వేపాకు నీళ్లు పొయ్యండి." ఇక్కడ చెట్లకి ఉన్న ఆకులే రాలిపోయాయి, వేపాకు ఎక్కడ తేను?

ఒక ఆంటీ చిన్ని చేతులు చూసి తన మనవణ్ణి మెల్లగా పక్కకి లాక్కుంది.

"అంటుకునేది కాదు ఆంటీ."

"అబ్బే, అందుక్కాదమ్మా..."

చిన్ని చూసింది. పిల్లలు చూడరనుకుంటారు.

నవంబర్ 16

"ఐ డోంట్ వాంట్ స్కూల్."

ఎంతో బతిమాలితే చెప్పింది. క్లాసులో పిల్లలంతా గుండ్రంగా చేరే సర్కిల్ టైమ్‌లో, పక్కనుండే మియా తన చెయ్యి పట్టుకోదట. "షీ సెడ్ మై హ్యాండ్ ఈజ్ యక్కీ." అప్పట్నుంచి గ్లవ్స్ తీయడం లేదు. అన్నం కూడా గ్లవ్స్‌తోనే.

నవంబర్ 20, సోమవారం

సున్నిపిండి వద్దని చెప్పి చెప్పి వెళ్లాను. క్లాసు నుంచి వచ్చేసరికి మెట్ల దాకా ఏడుపు. టబ్బులో చిన్ని, చేతినిండా సున్నిపిండితో అత్తయ్య. పిల్ల ఒళ్లంతా కందిపోయింది. పొక్కు కట్టిన చోటల్లా రేగి రక్తం.

"నానమ్మా స్టాప్, ఇట్ బర్న్స్!"

ఆవిడకి ఆ ఇంగ్లీషు అర్థం కాలేదట. ఏడుపు కూడా అర్థం కాలేదా?

అనేశాను. గట్టిగానే. "నా పిల్ల మీద మీ ప్రయోగాలు చేయకండి!"

"రవినీ ఇలాగే పెంచానమ్మా," అంది. చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయింది, హాల్లో కర్టెన్ వెనక ఉన్న తన మంచం దగ్గరికి.

నవంబర్ 21

మాటల్లేవు. రవి ద్వారా నడుస్తున్నాయి.

"పప్పులో ఉప్పు సరిపోయిందేమో అడుగు."

"సరిపోయిందని చెప్పు."

మధ్యలో కూర్చుని పప్పన్నం తింటున్నాడు మహానుభావుడు.

క్లినిక్‌కి ఫోన్ చేశా. ఇచ్చినవి ఆపొద్దు, చీము పడితే తీసుకురండి అన్నారు. పడలేదు. ఇంకా.

నవంబర్ 24

డ్రైన్ బ్లాక్. టబ్బులో నీళ్లు కిందికి పోకుండా నిలబడిపోయాయి.

ఓనరు శ్రీధర్ గారు పైనుంచి దిగొచ్చి తీగ పెట్టి లాగారు. ముగ్గురమ్మాయిల జుట్టు, నా ఓట్స్, అత్తయ్య పెసరపిండి — సమష్టి కృషి. ముద్దగా బయటికొచ్చింది.

"నేను రూడ్‌గా అనట్లేదు సుజాత గారూ. కానీ టబ్ బాత్‌లు ఇంక ఆపేయండి. ఇలా అయితే కష్టం. బేస్‌మెంట్ కోసం నాకు రోజూ కాల్స్ వస్తున్నాయి, మీకు తెలుసుగా."

తెలుసు. ఎంత మర్యాదగా చెప్పినా అర్థమవుతుంది. జనవరి ఇన్‌టేక్‌లో కాలేజీలో చేరబోయే పిల్లలు ఇప్పటినుంచే గదుల కోసం తిరుగుతున్నారు. ఈ మంచులో చిన్నిని వేసుకుని ఎక్కడికి పోతాం? టబ్బు మానేస్తే పిల్ల ఒళ్లు ఏం కాను?

సింకు దగ్గర నిలబడి ఏడ్చా. పంపు తిప్పి. కర్టెన్ వెనక మంచం కిర్రుమంది.

నవంబర్ 25

పొద్దున్నే గుడ్డ చింపుతున్న శబ్దం. అత్తయ్య తన పాత నూలు చీరని చింపుతోంది. ఓట్స్ పొడి అందులో పోసి, లంగా నాడాతో బిగించి మూట కట్టింది. నాతో చెప్పలేదు. గోడతో చెప్పింది —

"కుంకుడు రసం వడకట్టకుండా నెత్తి మీద పోసుకుంటామా ఎక్కడైనా?"

పంపుకి వేలాడదీసింది. నీళ్లు పాలలా దిగాయి. మూట పిండితే జిగురు. డ్రైన్‌లోకి ఒక్క పలుకు పోలేదు.

శ్రీధర్ గారిని పిలిచి చూపించా. వంగి చూశారు. మూట పట్టుకుని చూశారు. "ఓకే... కానీ కేర్‌ఫుల్ అండి. ఇంకోసారి బ్లాక్ అయితే మాత్రం..."

అత్తయ్య లోపలి ఓట్స్ పారేసి, గుడ్డ ఉతికి ఆరేసింది. థాంక్స్ చెప్పాలి. చెప్పలేదు. సున్నిపిండి సంగతి ఆవిడా ఎత్తలేదు. సంచీ మాత్రం మంచం కిందికి పోయింది.

డిసెంబర్ 3

అద్దడం ఆవిడ చేతికి రావడం లేదు.

"తుడిస్తేనే కదే ఆరేది!"

"ఆరకూడదు అత్తయ్యా. తడి మీదే జెల్లీ రాయాలి."

"ఇదేం చోద్యం!"

మాట్లాడుకుంటున్నాం. అంటే పోట్లాడుకుంటున్నాం. నయమే. ఎల్లుండి నుంచి పరీక్షలు, పుస్తకం తెరవలేదు.

డిసెంబర్ 9

దుప్పటి మీద మరకల్లేవు. పైకి అనను. దిష్టి.

డిసెంబర్ 12

గ్లవ్స్ బ్యాగులో పెట్టుకుని వచ్చింది!

"మియా హెల్డ్ మై హ్యాండ్. టీచర్ మేడ్ హర్."

సగం సంతోషించాలా? "మరి నీకెలా అనిపించింది బంగారం?"

"హర్ హ్యాండ్ వాజ్ స్టికీ."

డిసెంబర్ 17

అత్తయ్య పిక్కలు గోక్కుంటోంది. చీర కుచ్చిళ్ల కింద, ఎవరూ చూడకుండా. అడిగితే — "ఏం లేదు. మీ దేశం గాలి."

సాయంత్రం బాత్రూమ్ తలుపు ఓరగా ఉంది. టబ్బు అంచున అత్తయ్య, చిన్ని వదిలిన నీళ్లలో కాళ్లు పెట్టుకుని. పక్కన తువ్వాలు పట్టుకుని చిన్ని —

"నో రబ్బింగ్, నానమ్మా. ప్యాట్. ప్యాట్."

బుద్ధిగా అద్దుకుంటోంది ఆవిడ. నా మాట వినని మనిషి. చూడనట్టు వెనక్కి వచ్చేశా. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

డిసెంబర్ 22

కొత్త మచ్చ. ఈసారి చిన్ని కనురెప్ప మీద.

పోయిందనుకున్నా. తగ్గుతూ వస్తూ ఉంటుందని డాక్టర్ మొదటే అంది, నేనే వినదల్చుకోలేదు. కన్ను దగ్గర ఆ క్రీమ్ రాయొచ్చా? హెల్త్ లైన్‌కి ఫోన్ చేస్తే అరగంట సంగీతం. చివరికి నర్సు — డాక్టర్ చూసేదాకా అక్కడ రాయకండి. అపాయింట్‌మెంట్ క్రిస్మస్ పండగల తర్వాతే.

రవి: "తగ్గుతుందిలే."

ఎలా తెలుసు నీకు?

డిసెంబర్ 29

ప్రణీత వాళ్లు ఖాళీ చేశారు. ముగ్గురూ రెజైనా సిటీకే. వెళ్తూ చిన్నికి చాక్లెట్ ఇచ్చింది. "తలుపులు కొట్టి మిమ్మల్ని మస్తు సతాయించిన అక్కా, ఏమనుకోకుండ్రి." ఏమనుకోను, కళ్లనీళ్లే వచ్చాయి.

ఆ గదిలోకి నలుగురట. జనవరి ఇన్‌టేక్. రేపే దిగుతున్నారు. శ్రీధర్ గారు మెసేజ్ పెట్టారు, చివర నవ్వుతున్న బొమ్మతో.

బియ్యం కడుగుతూ ఆలోచిస్తున్నా. టబ్బు వేళలు, మూట, డ్రైన్, చిన్ని కన్ను... మొదటి రోజే గయ్యాళిలా కనిపించకుండా ఇవన్నీ వాళ్లకెలా చెప్పాలి?

వెనక నుంచి అత్తయ్య. కొంగు బిగించి.

"నువ్వు ఊరుకోవే. వాళ్లతో నేను మాట్లాడతా."

అదే నా భయం.