ఇంటిదేవుడి పేరే పాస్‌వర్డ్

బళ్ళారి. ఆయుధపూజ, 1997.

అంగట్లో కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి మామ అన్నారు, "పాస్‌వర్డు మన ఇంటిదేవుని పేరే ఉండనీమ్మా. ఆ సామే చూసుకుంటాడు."

బజారులో సగంమందికి ఇంటిదేవుడు ఆయనే! చెప్తే వినరు. మామను పక్క బట్టలంగడికి తీసుకెళ్ళి, ఆ అంగడాయన ఎదుటే వాళ్ళ కంప్యూటర్‌లో ఆ పేరు కొట్టాను. తెరుచుకుంది.

తిరిగొచ్చాక మామ మెల్లగా అన్నారు, "ఇంగ నువ్వే ఏదన్నా పెట్టుమ్మా. నాకు గూడా చెప్పొద్దు."

నిద్రలో కూడా బీగాల గుత్తి మొలనుంచి తీయని మనిషి! కోడలి చేతికి ఇన్నేళ్ళలో ఒక్క తాళంచెవి ఇచ్చింది లేదు.

సంతోషంగానే ఉంది. కానీ నేనే మరిచిపోతే... ఎక్కడైనా రాసిపెట్టుకుంటే బాగుండు.

ఊహూఁ. ఇక్కడ కూడా రాయను.