ఆపమన్న చేతులు

ప్రియమైన నాన్నకి,

ఫోన్ చేస్తే నీకు వినబడదు, మెసేజ్ పెడితే నువ్వు చూడవు. అందుకే ఉత్తరం. దీంతోపాటు వచ్చిన పెట్టె చూసి కంగారుపడకు. అందులో నా పాత కంప్యూటర్, రెండు లివర్లు, రెండు పెడళ్లు ఉన్నాయి. ఎలా కలపాలో బొమ్మలు వేసి పెట్టాను. అమ్మకి చూపించు, నీకంటే తనకే తొందరగా అర్థమవుతుంది.

మేం మూడేళ్లుగా తయారు చేస్తున్న గేమ్ ఇదే. ఐదుగురు ఒక టీమ్, ఐదుగురు ఎదుటి టీమ్. ఎవరిళ్లలో వాళ్లు కూర్చునే ఆడతారు. ఒక్కొక్కరికీ ఐదంతస్తుల ఎత్తు ఇనుప మరమనిషి ఉంటుంది, దాని ఛాతీలో క్యాబిన్. భుజాల మీద తుపాకులు. లివర్లతో చేతులు తిప్పాలి, పెడళ్లతో కాళ్లు కదపాలి. మరమనిషి పాడైతే మాత్రం మామూలు మనిషిలా కిందికి దిగి బాగుచేసుకోవాలి.

వాటి నడక నేను చేసింది. చిన్నప్పుడు ఒక్కసారి నన్ను నీ క్రేన్ ఎక్కించావు, ఆ బరువు నాకింకా గుర్తుంది. మా బాస్ మాత్రం "ఇదేం నత్తనడక, మనుషుల్లా పరిగెత్తించు" అంటున్నాడు. మూడు వారాల్లో విలేకరులు వచ్చి ఆడి, మొదటి అభిప్రాయాలు రాస్తారు. వాళ్లు పెదవి విరిస్తే ఆ నడక పోతుంది, దాంతో నేనూ పోతాను. ముందు నీకేమనిపించిందో రాయి. ముఖస్తుతి వద్దు.

ఇంకొకటి. గేమ్ తెరవగానే మొదటి స్క్రీన్ మీద ఒక్క వాక్యం రాసుకునే అవకాశం నాకిచ్చారు. "ముప్ఫై ఏళ్లలో ఒక్క తప్పూ చెయ్యని క్రేన్ ఆపరేటర్, మా నాన్నకి." నువ్వు సరేనంటే చాలు. ఆ రోజు కింద నిలబడి నీకు సైగలు చెయ్యాల్సిన మామయ్య చెయ్యెత్తి ఆపమని ఉంటే ఆయన చెయ్యి ఆయనకి ఉండేది, నీ పని నీకుండేది. ఆయన ఆపమనకపోయినా లోకం మాత్రం నిన్నే అంది. ఈ వాక్యమన్నా నిజం చెప్పనీ.

నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

పెట్టె అందింది. మీ అమ్మ గంటలో అన్నీ కలిపేసి, "ఇక మీ యుద్ధం మీరు చేసుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆరేళ్ల తర్వాత లివర్ పట్టుకున్నాను. మొదటి రోజు చేతులు చెమట పట్టి జారిపోయాయి, తువ్వాలు పెట్టుకుని ఆడాను. మొదటి మ్యాచ్‌లో నేను ఎటు తిరగాలో తేల్చుకునేలోపే పదకొండుసార్లు చచ్చాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నా టీమ్ వాళ్లు స్క్రీన్ మీద ఏదో రాస్తున్నారు, తిట్లే అయ్యుంటాయి. అద్దాలు పెట్టుకోలేదు కాబట్టి బతికిపోయాను.

ఇక నీ నడక. ఆడలేక మద్దెల ఓడంటున్నానని నవ్వకు. అడుగు వెయ్యడం బాగుంది. ఆగడమే బాగాలేదు. అంత ఇనుము నడుస్తూ నడుస్తూ గోడకి కొట్టిన మేకులా టక్కున ఆగిపోతుందా? బరువు ఆగమన్నాక కూడా కొంచెం ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, అప్పుడు గానీ నిలబడదు. ఆ ఊపు పెట్టు. మీ బాస్‌కి నేను చెప్పానని చెప్పు.

రెండో సంగతి. క్యాబిన్‌లోంచి కాళ్ల కింద ఏముందో కనబడదు. ఇద్దరు సొంతవాళ్లనే తొక్కేశాను. దిగి బాగుచేసుకుంటున్న మనుషులు వాళ్లు. ఆట అని తెలుసు, అయినా ఆ పూట అన్నం సహించలేదు. నీ మరమనుషులకి తుపాకులున్నాయి, కింద నిలబడి చెప్పే సిగ్నల్‌మన్ లేడు. మా పనిలో ఎత్తమన్నా దించమన్నా వాడొక్కడి చేతులే చూస్తాం. మిగతావాళ్లు ఎన్ని చేతులూపినా మనకి పట్టదు.

ఆ వాక్యం గురించి తర్వాత చూద్దాం. మామయ్య ఊసు ఎత్తకు.

ఉంటాను,
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఊపు పెట్టాం. నీ ఉత్తరం ముందు పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. ఇప్పుడు మరమనిషి ఆగితే కుర్చీలో కూర్చున్న నేనే ముందుకి వంగుతున్నాను. బాస్ ఆడి చూసి, "విలేకరులే తేలుస్తారులే" అన్నాడు. అందుకే భయమేస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి విలేకరుల మ్యాచ్. ఇద్దరు ఆటగాళ్లు తక్కువయ్యారు, నిన్నూ చేర్చాను. దయచేసి అద్దాలు పెట్టుకో.

మామయ్య ఊసు ఎందుకెత్తకూడదు? ఆరేళ్లుగా ఆయన గడప తొక్కలేదు నేను. విచారణ కాగితాలు మళ్లీ చదివాను. ఆపమని ఎవరూ సైగ చెయ్యలేదని నువ్వు రాసిచ్చావు, సంతకం ఉంది. మూడో అంతస్తులో సిమెంటు మోసే ఆవిడెవరో మాత్రం తానే రెండు చేతులూ ఊపానని చెప్పింది. నోటికొచ్చిన అబద్ధం. దాన్ని పట్టుకుని నిన్ను మూడు నెలలు తిప్పారు. అందుకే ఆ వాక్యం ఉండాలంటున్నాను. నెలాఖరులోపు సరేనని ఒక్క ముక్క రాయి.

నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

ఇప్పుడే మ్యాచ్ అయింది. లివర్లు వదిలి నేరుగా కలం పట్టుకున్నాను.

చివరి రెండు నిమిషాలు. చెరో తొమ్మిది పాయింట్లు. వంతెన దాటితే గెలుపు మాది. పెడల్ తొక్కాను, కుడికాలు లేచింది. ఎదురుగా పచ్చరంగు మరమనిషి, అవతలి టీమ్ వాడు. వాడు నన్ను కాల్చాలి. కాల్చలేదు. రెండు చేతులూ పక్కలకి బారచాపి ఊపాడు, మేం పని దగ్గర ప్రమాదానికి ఊపినట్టే. ఆలోచించలేదమ్మా, కాలు గాల్లో ఉండగానే పెడల్ వదిలేశాను. ఆ ఊపుకి మరమనిషి ముందుకి తూలి, వెనక్కి వచ్చి నిలబడింది. ఒక అడుగు వెనక్కి వేసి చూస్తే నా కాలు పడాల్సిన చోట మా టీమ్ వాడు, బొటనవేలంత మనిషి, పానా పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఈలోగా ఇంకెవడో వెనక నుంచి కాల్చాడు, మ్యాచ్ ఓడిపోయాం. నీకు నష్టం చేశానేమో తెలీదు.

ఒంటిచేత్తో లివర్లు ఎలా తిప్పాడో గానీ, ఆ సైగ మామయ్యదే. అంత కచ్చితంగా ఊపేవాడు నాకు తెలిసి వాడొక్కడే. నువ్వే వాడికీ ఒక పెట్టె పంపి ఉంటావు. రేపు వాడింటికి వెళ్తున్నాను.

నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు వెళ్లొచ్చే ఉంటావు. నేను మామయ్యకి ఏమీ పంపలేదు. ఆయనింట్లో కంప్యూటరే లేదని అమ్మ చెప్పింది. పచ్చ మరమనిషిని నడిపింది ఒక విలేకరి. ఎందుకు కాల్చలేదని అడిగాను. "కింద మనిషి కనబడ్డాడు, ఆయనకి కనబడటం లేదనిపించింది. ఆట సంగతి తర్వాత చూసుకోవచ్చు కదా" అన్నాడు. నీ సైగలూ నీ పనీ అతనికేమీ తెలీవు, తోచినట్టు చేతులూపాడంతే.

నువ్వు నష్టం చెయ్యలేదు. ఆరుగురు విలేకరుల్లో ఐదుగురు తమ మొదటి అభిప్రాయంలో ఆ ఆగడం గురించే రాశారు. నడక ఉంటుంది, నేనూ ఉంటాను. బాస్ నీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

కానీ నాన్నా, నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరో తెలీనివాడు, పైగా అవతలి టీమ్ వాడు చేతులూపితే నువ్వెందుకు ఆగావు? సిగ్నల్‌మన్ చేతులు తప్ప ఇంకెవరివీ చూడం అన్నావు కదా. ఆ వాక్యం నెలాఖరుకి గేమ్‌లోకి ఎక్కాలి. సరేనని రాస్తావా?

నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

సరేనని రాయను.

నీకు మా పని సూత్రం సగమే చెప్పాను. ఎత్తమన్నా దించమన్నా సిగ్నల్‌మన్ ఒక్కడి మాటే వినాలి. ఆపమంటే మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. దారినపోయే వాడు చెప్పినా ఆపాలి. మొదటి రోజు నేర్పేది అదే.

ఆ రోజు ఇనుప దూలం దించుతున్నాను. మామయ్య వీపు తిప్పి ఉన్నాడు, నిజమే. చిక్కుపడ్డ తాడు విప్పమని పురమాయించింది నేనే. మూడో అంతస్తు అంచున ఆవిడ తట్ట పారేసి రెండు చేతులూ ఊపింది. నేను చూశాను. సిమెంటు మోసే మనిషి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. అంతే అనుకున్నాను, రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో వాడి చెయ్యి పోయింది. విచారణలో ఎవరూ ఊపలేదని రాసిచ్చాను. ఆవిడని అబద్ధాలకోరని పనిలోంచి తీసేశారు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నువ్వు నా తరఫున మామయ్యతో మాట మానేస్తే అదీ చూస్తూ ఊరుకున్నాను. అన్నిటికంటే అదే నన్ను తినేసింది.

శనివారం వాడింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చెప్పాను. వాడు అంతా విన్నాడు. "ఆవిడ ఆస్పత్రికొచ్చి అప్పుడే చెప్పింది బావా. నీ నోటితో ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా" అన్నాడు. ఎడంచేత్తో కుర్చీ జరిపాడు. కూర్చోమనలేదు, అయినా కూర్చున్నాను.

విచారణ చేసిన ఆఫీసుకి నిజం రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరంతోపాటే పోస్టు చేస్తున్నాను. ఏం చేస్తారో చెయ్యనీ. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ముందు మామయ్య దగ్గరికి వెళ్లు.

ఆ స్క్రీన్ మీద నా మాట తీసెయ్. ఆవిడ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో మామయ్యకి తెలుసు, రేపు ఇద్దరం వెళ్తున్నాం. ఆరేళ్లయినా ఆవిడ పేరేమిటో నాకు తెలీదు. అడిగి, ఆవిడ ఒప్పుకుంటే ఆ వాక్యంలో పెట్టడానికి నీకు రాస్తాను.

నాన్న