జీడితోట దెయ్యం రెండో భాగం

వజ్రపుకొత్తూరు,
ఆదివారం, 17 ఆగస్టు 2025.

చిరంజీవి సుస్మితకు మేనమావ జోగారావు దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది, కాదని రాస్తే నువ్వు విశాఖలో ఆఫీసు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తావు. అందుకని అందరం ఉన్నాం అని రాస్తున్నాను. ఈ రోజుల్లో ఉత్తరమేటి అనుకుంటావేమో. ఫోనులో మాట్లాడితే మీ నాన్న పక్కనే చెవులు రిక్కించుకుని ఉంటాడు. మెసేజి పెడదామంటే నా ఫోను ఆయన చేతిలోనే ఉంటుంది, నీ ఆట దయవల్ల. పక్కింటి ఉమామహేష్ రేపు విశాఖ వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. వాడు విప్పకుండా అన్నం మెతుకులతో గట్టిగా అంటించాను. విప్పితే వాడి పెళ్లిచూపుల సంగతి ఊరంతా చెబుతానని కూడా చెప్పాను.

నువ్వు తయారుచేసిన దెయ్యం ఆట రెండో భాగం ఎలా ఉందో, మొదటిదానికన్నా మెరుగేనా అని అడిగావు. ఎనిమిదో తరగతి తప్పి ఆటో తోలుకునేవాణ్ణి అడిగావంటే నీ ఆఫీసులో తెలివైనవాళ్లు కరువైనట్టే ఉంది. అడిగావు కాబట్టి విను.

మొదటి భాగం పంపినప్పుడు మీ నాన్నకు డయాలసిస్ కొత్త. మంగళవారం, శుక్రవారం నా ఆటో గుమ్మంలో ఆగితే చాలు, ఒకసారి కడుపునొప్పి అనేవాడు, ఇంకోసారి కొబ్బరికాయలు దింపించాలనేవాడు. మానేస్తే ఏమవుతుందో డాక్టరు మనిద్దరికీ చెప్పాడు. పలాసలో ఆ కుర్చీలో పూటంతా సూదులతో కదలకుండా కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఆటతోనైనా కూర్చుంటాడని నీ ఆశ. ఆయన కాసేపు ఆడి ఫోను నా ఒళ్లో పడేశాడు. జీడితోటలో ఆడపిల్ల చేతికి తుపాకీ ఎవడిచ్చాడని అడిగాడు. కనబడగానే కాల్చేస్తే అది దెయ్యమెలా అవుతుంది, అడవిపంది అవుతుందన్నాడు. పైగా బావి కనబడిన ప్రతిచోటా ఆ పిల్ల కడుపునిండా నీళ్లు తాగి బలం తెచ్చుకునేది. రోజుకిన్ని నీళ్లని గ్లాసుతో కొలుచుకుని తాగే మనిషికి చూపించాల్సిన ఆటేనా అది? మన ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో, నీళ్లో మట్టో ఇంకేదో నాకు తెలీదు గానీ, బావిలో బలముందని మాత్రం ఇక్కడెవడూ నమ్మడు.

రెండోదాంట్లో తుపాకీ పీకేశావు. బతికించావు. చేతిలో ఒక్క టార్చి, అదీ మినుకు మినుకు. తుపానుకు కూలిన కొబ్బరిచెట్ల మధ్య నడుస్తుంటే ఎక్కడో ఎండుమట్ట పడిన చప్పుడు, అంతే. దెయ్యం ఎప్పుడో ఒక్క మెరుపులో తప్ప కనబడనే కనబడదు. తెల్లదుప్పటి కప్పుకుని ఈ తోటల్లో సగం ఊరిని పరిగెత్తించిన నేనే కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను. ఇక బావి. తాగితే ప్రాణం నిండుతుంది, కానీ ప్రాణం పట్టే గిన్నె ప్రతిసారీ కాస్త చిన్నదైపోతుంది. మీ నాన్న అది కనిపెట్టి, "మా గుంటకి ఇప్పుడు తెలిసొచ్చినాదిరా" అని నీ గురించే అన్నాడు. ఏం తెలిసొచ్చిందో నేను అడగలేదు.

అలిసినప్పుడల్లా పాకలో దూరి, టార్చి దీపం మళ్లీ నిండేదాకా కదలకుండా కూర్చోవాలని పెట్టావు చూడు, అదీ ఆటంటే. బయట అది తిరుగుతూ ఉంటుంది. కొట్టలేం, తరమలేం, కూర్చోవడమే. దీపం నిండితే కొంత దూరం, మళ్లీ ఇంకో పాక. మొదటిసారి ఆ చోటికి వచ్చినప్పుడు మీ నాన్న పక్కన తిరుగుతున్న మెషిన్ను ఒకసారి చూసి, మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు.

నువ్వు చెప్పని మార్పు ఇంకొకటి ఉంది. మొదటిదానికి రెండు చేతులూ కావాలి. సూదులున్న చెయ్యి కదపకూడదు కదా, ఆయన వదిలేసింది అందుకు. పరువు పోతుందని నింద తుపాకీ మీద వేశాడు. దీన్ని ఒంటిచేత్తో ఆడొచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని, ఆ ఒంటిచేత్తోనే ఆడుతూ కూర్చున్నాడు.

తప్పులు కూడా రాయకపోతే నేను నీ మావనే కాను. దెయ్యానికి చీర కట్టడం రాదు, మీ అమ్మనడిగినా నేర్పేది. జీడిపళ్లు, పనసపళ్లు, సీతాఫలాలు ఒకే తోటలో ఒకేసారి కాయించావు. ఆ తోట ఎక్కడుందో చెబితే కౌలుకు తీసుకుంటాను.

నా వంతు దొంగపని నేనూ చేశాను. ఆటకు తాళం పెట్టి, ఇది ఆస్పత్రి గదిలో సిగ్నలుకే తెరుచుకుంటుందని ఆయనతో చెప్పాను. ఇంటి దగ్గర నొక్కి నొక్కి చూస్తాడు. మంగళ, శుక్రవారాలు ఆటో రాకముందే చొక్కా వేసుకుని అరుగు మీద తయారు. నమ్మాడో, నమ్మినట్టు ఉంటున్నాడో, అంత పెద్ద దొంగనైన నాకే అంతుపట్టడం లేదు.

వేళకు తిను. మీ అమ్మ నీకోసం జీడిపప్పు దాచింది, నేను కొంత తినేశాను.

నీ మేలు కోరే,
మావ జోగారావు.

తా.క. పైన రాసిందంతా నిజమే, మొన్న మంగళవారం దాకా. ఆ రోజు కుర్చీలోనే ఆట అయిపోయింది. ఆ పిల్ల సముద్రం ఒడ్డుకు చేరింది, తెల్లవారింది. పక్క కుర్చీల వాళ్లను కూడా పిలిచి చూపించాడు. శుక్రవారం నేను వెళ్లేసరికి చొక్కా లేకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఆట అయిపోనాది కదరా జోగా. ఇంక అక్కడికేటి పని?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. మీ అమ్మ బతిమాలింది. నేను తిట్టాను, కోతివేషాలు వేశాను. ఇంతమందిని బోల్తా కొట్టించినవాణ్ణి, ఒక్కటీ పనికిరాలేదమ్మా. చివరికి మూడో భాగం వస్తోందని, నువ్వు తిండి మానేసి దానిమీదే ఉన్నావని, అదీ అక్కడే తెరుచుకుంటుందని చెప్పేశాను. నా ముఖంలోకి చూసి, "సూద్దాం పద" అని చొక్కా అడిగాడు. ఆ పూటంతా ఖాళీ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్లుండి మళ్లీ మంగళవారం.

మూడోది చెయ్యి తల్లీ. ఒక తోట, ఒక పాక, ఒక దీపం చాలు. పళ్లు నీ ఇష్టమొచ్చినట్టు కాయించు, దెయ్యానికి చీర ఎలాగైనా కట్టు. చివర మాత్రం పెట్టకు.